సమా రాజు రాతిపలక: మురియోంగ్ ఎవరి కొడుకు, ఎక్కడ పుట్టాడు?

1971 జులై 8 సాయంత్రం, దక్షిణ కొరియాలోని గోంగ్జు పట్టణం పక్కన సోంగ్సాన్ కొండవాలులో ఇటుకలతో మూసిన ఒక ద్వారాన్ని తెరిచారు. దాన్ని చివరిసారి మూసింది క్రీ.శ. 529లో. జాతీయ మ్యూజియం డైరెక్టరు కిమ్ వొన్యోంగ్, గోంగ్జు మ్యూజియం అధికారి ఒకరు ముందుగా లోపలికి వెళ్లారు. నడవలో ఒక రాతి మృగం ద్వారం వైపు మొహం పెట్టి నిలబడి ఉంది. దాని ముందు పక్కపక్కనే రెండు రాతిపలకలు, వాటి మీద ఇనుప నాణేల గుత్తి. ఒక పలక మీద చైనా లిపిలో చెక్కిన మొదటి మాటలు చదివేసరికి అది ఎవరి సమాధో తేలిపోయింది: ప్రాచీన కొరియా రాజ్యం బేక్జేను ఏలిన మురియోంగ్ రాజుది. "తూర్పును శాంతపరిచే మహాసేనాని, బేక్జే సమా రాజు" అని ఉంది అక్కడ.

ఆ మాటల్లో మురియోంగ్ అనే పేరు లేదు. ఉండటానికి వీల్లేదు కూడా. మురియోంగ్ అన్నది రాజు పోయాక ఆయన గౌరవార్థం పెట్టిన పేరు. బతికున్నన్నాళ్లూ ఆయన్ని ఆ పేరుతో ఎవరూ పిలవలేదు. ఈ రోజు కొరియా పాఠ్యపుస్తకాల్లో, మ్యూజియం బోర్డుల మీద కనిపించే పేరు ఆయన చెవిన పడని పేరు. ఆయనకు తెలిసిన పేరు సమా. ఈ చిన్న పేరు చుట్టూనే కొరియా, జపాన్ చరిత్రకారులు చాలాకాలం తలలు పట్టుకున్నారు. ఆయన ఎవరి కొడుకు, ఏ నేల మీద పుట్టాడు, సింహాసనం దాకా ఎలా వచ్చాడు అన్న ప్రశ్నలన్నీ ఆ పేరుకే ముడిపడి ఉన్నాయి.

ముందు ఆయన చేతికొచ్చిన రాజ్యం సంగతి చూద్దాం. అప్పటి కొరియా ద్వీపకల్పంలో ఉత్తరాన గోగురియో, ఆగ్నేయాన సిల్లా, నైరుతిన బేక్జే. దక్షిణ తీరంలో గాయా అనే చిన్న రాజ్యాల గుంపు. బేక్జే పాత రాజధాని హన్సోంగ్, ఇప్పటి సోల్ నగర ప్రాంతంలో హాన్ నది ఒడ్డున ఉండేది. 475లో గోగురియో రాజు జాంగ్సు పెద్ద సైన్యంతో వచ్చి హన్సోంగ్‌ను పట్టుకుని, బేక్జే రాజు గేరోను చంపించాడు. రాజధాని పోయింది, రాజు పోయాడు. మిగిలినవాళ్లు దక్షిణానికి పారిపోయి గుమ్ నది ఒడ్డున ఉంగ్జిన్‌లో, అంటే నేటి గోంగ్జులో, తలదాచుకున్నారు.

ఆ తర్వాతి పాతికేళ్లు చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. గేరో తర్వాత గద్దెనెక్కిన మున్జు రెండేళ్లకే 477లో సొంత మంత్రి హే గు చేతిలో హతమయ్యాడు. అతని కొడుకు సమ్‌గున్ రాజయ్యేనాటికి పదమూడేళ్లవాడు, రెండేళ్లకే చనిపోయాడు. 479లో డోంగ్సోంగ్ వచ్చాడు. ఇతను కొంత నిలదొక్కుకున్నాడు. 493లో సిల్లాతో పెళ్లి సంబంధం కలుపుకుని ఉత్తరపు శత్రువుకు ఎదురు నిలిచాడు. కానీ చివరి ఏళ్లలో తీరు మారింది. 499లో ఘోరమైన కరువొచ్చి జనం ఆకలితో అల్లాడుతుంటే, ధాన్యపు కొట్లు తెరవమని మంత్రులు అడిగారు. రాజు తెరవలేదు. రెండు వేలమంది సరిహద్దు దాటి శత్రుదేశం గోగురియోకు వెళ్లిపోయారు. మరుసటి ఏడాదే ఆయన ఎత్తైన విహార మండపం కట్టించి, చెరువు తవ్వించి, వింత పక్షుల్ని పెంచాడు. వద్దని చెప్పబోయిన మంత్రులు మళ్లీ రాకుండా కోట తలుపులు మూయించాడు. 501 చలికాలంలో వేటకెళ్లి మంచులో చిక్కుకుని ఒక ఊళ్లో ఆగినప్పుడు, బేక్ గా అనే అధికారి పంపిన మనిషి ఆయన్ని పొడిచాడు. ఆ గాయంతోనే మరుసటి నెలలో చనిపోయాడు.

అప్పుడు రాజయ్యాడు సమా.

ఇక్కడి నుంచే చిక్కుముడి మొదలవుతుంది. కొరియాలో మిగిలిన ప్రాచీన చరిత్ర గ్రంథాల్లో పాతది సమ్‌గుక్ సాగి, అంటే మూడు రాజ్యాల చరిత్ర. 1145లో కిమ్ బు సిక్ ఆధ్వర్యంలో పూర్తయింది. అందులో మురియోంగ్ గురించి రాసింది ఇది: పేరు సమా, డోంగ్సోంగ్ రెండో కొడుకు, ఎనిమిది అడుగుల మనిషి, కళ్లూ కనుబొమ్మలూ చిత్తరువులా ఉండేవి, దయగలవాడు, జనం మనసు ఆయన మీదే ఉండేది. ఎనిమిది అడుగులంటే వాళ్ల కొలతలో అడుగులు, మన అడుగుల కన్నా చిన్నవి. తండ్రి తర్వాత కొడుకు. కథ సాఫీగా ఉంది. కొన్ని వందల ఏళ్లు అందరూ ఇదే నమ్మారు.

జపాన్‌లో 720లో పూర్తయిన నిహోన్ షోకి చెప్పేది ఇంకో కథ. 461లో గేరో రాజు తన తమ్ముడు గోన్జిని జపాన్‌లోని యమాతో రాజుల కొలువుకు పంపాడట. వెళ్లేముందు గోన్జి ఒక కోరిక కోరాడు, రాజు భార్యల్లో ఒకరిని తనకిచ్చి పంపమని. రాజు ఇచ్చాడు. ఆమె అప్పటికే నిండు గర్భిణి. దారిలో కాన్పయితే తల్లీబిడ్డల్ని అదే పడవలో వెనక్కి పంపేయమని చెప్పాడు. క్యూషు ఉత్తర తీరంలో కకరా అనే దీవి చేరేసరికి ఆమెకు నొప్పులొచ్చాయి. మగబిడ్డ పుట్టాడు. దీవిలో పుట్టాడు కాబట్టి 'దీవి దొర' అని పేరు పెట్టారు. జపనీస్‌లో దీవిని షిమా అంటారు, పాత ఉచ్చారణలో అది సెమాకు దగ్గర. కొరియా భాషలో నేటికీ దీవిని సోమ్ అంటారు. సమా, సెమా, షిమా, సోమ్ అని వరసగా పలికి చూస్తే ఆ పేరు ఎక్కడిదో మన చెవికే తెలుస్తుంది.

నిహోన్ షోకి ఇక్కడితో ఆగలేదు. బేక్జే వాళ్లే రాసుకున్న ఒక పాత గ్రంథం, బేక్జే సిన్చాన్, ఇప్పుడు దొరకదు. అందులోని మాటల్ని అది ఉటంకించింది. డోంగ్సోంగ్ జనాన్ని హింసించాడు, జనమంతా కలిసి అతన్ని తొలగించి మురియోంగ్‌ను నిలబెట్టారు, మురియోంగ్ పేరు సమా, అతను గోన్జి కొడుకు, డోంగ్సోంగ్‌కు వేరే తల్లి వల్ల అన్న అని అందులో ఉంది. ఆ మాటల కిందే నిహోన్ షోకి సంపాదకులు తమ అనుమానం చేర్చారు. సమా గేరో కొడుకు కదా, డోంగ్సోంగ్ గోన్జి కొడుకు కదా, మరి అన్నదమ్ములనడం ఎట్లా అని.

ఇలా ఒక్క మనిషికి ముగ్గురు తండ్రులు తేలారు: డోంగ్సోంగ్, గోన్జి, గేరో.

1971కి ముందు కొరియాలో చాలామంది పండితులు జపాన్ గ్రంథాన్ని పక్కన పెట్టేశారు. దానికి కారణముంది. నిహోన్ షోకి తన చక్రవర్తి గొప్ప కోసం రాసిన పుస్తకం. అందులో కొరియా రాజ్యాలన్నీ జపాన్‌కు కప్పం కట్టే సామంతులుగా కనిపిస్తాయి. 1910 నుంచి 1945 దాకా కొరియాను ఏలిన జపాన్ పాలకులు ఆ పుస్తకంలోని రాతల్నే సాక్ష్యంగా చూపించి తమ ఆక్రమణకు పాత హక్కు పులిమారు. అంత గాయం చేసిన పుస్తకాన్ని నమ్మడం ఎవరికైనా కష్టమే. పైగా గర్భిణి అయిన రాణిని తమ్ముడికి ఇచ్చి పంపడం, దీవిలో కాన్పు, ఇవన్నీ కట్టుకథ లక్షణాలు.

ఇప్పుడు ఆ రాతిపలకను మళ్లీ చదువుదాం. సారాంశం ఇది: "మహాసేనాని అయిన బేక్జే సమా రాజు, అరవై రెండేళ్ల వయసులో, ఫలానా సంవత్సరం అయిదో నెల ఏడో రోజున మరణించాడు. ఫలానా సంవత్సరం ఎనిమిదో నెల పన్నెండో రోజున మహాసమాధిలో ఉంచాం." మన ప్రభవ, విభవల్లాగే తూర్పు ఆసియాలో కూడా అరవై సంవత్సరాల చక్రం ఉంది. పలక మీద సంవత్సరాలు ఆ చక్రంలోని పేర్లతో ఉన్నాయి. లెక్క కడితే మరణం 523, ఖననం 525. సమ్‌గుక్ సాగి కూడా మరణం 523 అయిదో నెలలోనే అంటుంది. అక్కడ ఆ పుస్తకం గెలిచింది.

వయసు దగ్గర ఓడిపోయింది. వాళ్ల లెక్కలో పుట్టగానే బిడ్డకు ఒక ఏడు. 523లో అరవై రెండంటే పుట్టింది 462లో. నిహోన్ షోకి చెప్పిన 461కి ఒక్క ఏడాది తేడా. అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. 462లో పుట్టినవాడికి డోంగ్సోంగ్ గద్దెనెక్కిన 479లో పద్దెనిమిదేళ్లు. ఆ 479లో డోంగ్సోంగ్ ఇంకా చిన్నవాడని, గోన్జి అయిదుగురు కొడుకుల్లో రెండోవాడని, చిన్నవాడైనా తెలివిగలవాడని జపాన్ నుంచి పంపారని నిహోన్ షోకి రాసింది. కొడుకు వయసు తండ్రి వయసుకు సమానంగానో ఎక్కువగానో ఉండటం కుదరదు. డోంగ్సోంగ్ రెండో కొడుకన్న సమ్‌గుక్ సాగి మాట, ఎనిమిది వందల ఏళ్లు నిలిచిన మాట, ఒక్క 'అరవై రెండు' అనే అంకెతో పడిపోయింది.

అక్షరాల సాక్ష్యం కూడా ఉంది. సమా అన్న పేరును సమ్‌గుక్ సాగి రాసిన చైనా అక్షరాల్లో రెండోది పలక మీది అక్షరంతో కలవదు. బేక్జే సిన్చాన్ నుంచి నిహోన్ షోకి ఎత్తి రాసిన పేరులో రెండు అక్షరాలూ పలక మీద ఉన్నట్టే ఉన్నాయి. ఆ పోయిన గ్రంథం బేక్జే కొలువులోని రాతలకు దగ్గరగా పుట్టిందనడానికి ఇది గట్టి ఆధారం. అందుకే తండ్రి ఎవరన్న ప్రశ్నకు నేను బేక్జే సిన్చాన్ వైపే మొగ్గుతాను. గోన్జి కొడుకు అన్న మాట అందులో ఏ అలంకారం లేకుండా ఉంది. గేరో కొడుకన్న కథలో మాత్రం ఒక అవసరం కనిపిస్తుంది. హన్సోంగ్‌లో శత్రువు చేతిలో చనిపోయిన రాజు రక్తమే తనలో ఉందని చెప్పుకోవడం, ఇల్లు కూలిన రాజవంశంలో పక్క శాఖ నుంచి వచ్చినవాడికి పెద్ద బలం. కొరియా, జపాన్ పండితుల్లో గేరో పక్షం వహించేవాళ్లూ ఉన్నారు. వాళ్ల వాదన కూడా తేలికైంది కాదు: నిహోన్ షోకి సంపాదకులు బేక్జే సిన్చాన్‌ను కళ్లెదుట పెట్టుకుని కూడా గేరో అనే నిర్ణయానికి వచ్చారంటే, వాళ్ల దగ్గర ఇంకేదో ఆధారం ఉండి ఉండాలంటారు.

పుట్టిన చోటు మాటేమిటి? పలక పేరును, ఇంచుమించు పుట్టిన ఏటిని నిలబెట్టింది. దీవిని నిలబెట్టలేదు. ఆ తేడాను మరిచిపోకూడదు. అయితే ఆ పేరుకు దీవి అన్న అర్థం అంత చక్కగా అతుకుతుంటే, ఆ కథలో కనీసం గింజంత నిజం ఉందనుకోవడంలో తప్పు లేదు. నేటి సాగా రాష్ట్రం కరత్సు పట్టణం పరిధిలోని కకరాషిమా దీవే ఆ కకరా అంటారు. అక్కడి జనం సముద్రపు ఒడ్డున ఒక గుహను రాజు పుట్టినచోటని చూపిస్తారు. ఏటేటా గోంగ్జు నుంచి వచ్చేవాళ్లతో కలిసి ఉత్సవం చేసుకుంటారు.

ఇంకో సాక్ష్యం జపాన్‌లోనే ఉంది. వకయామా రాష్ట్రంలోని సుదా హచిమన్ ఆలయానికి చెందిన పాత కంచు అద్దం మీద, సమా అనే వ్యక్తి దీన్ని చేయించాడన్న రాత ఉంది. సంవత్సరం అరవై ఏళ్ల చక్రంలో ఉండటంతో అది 443 అని కొందరు, 503 అని కొందరు వాదించుకుంటూ వచ్చారు. గోంగ్జులో పలక బయటపడ్డాక 503 పక్షానికి బలం వచ్చింది. అంటే రాజైన రెండేళ్లకు సమా సముద్రం అవతలి రాకుమారుడికి కానుకగా అద్దం పంపాడన్నమాట.

నలభై ఏళ్ల వయసులో రాజు

రాజయ్యేసరికి ఆయనకు నలభై ఏళ్లు. అంతకు ముందటి జీవితం గురించి కొరియా గ్రంథం ఒక్క ముక్క రాయలేదు. కానీ రాగానే చేసిన మొదటి పని చూస్తే, అది ఎన్నో గద్దె మార్పుల్ని దగ్గర నుంచి చూసినవాడి పనిలా ఉంటుంది. డోంగ్సోంగ్‌ను చంపించిన బేక్ గా తన కోటలో తిరగబడ్డాడు. కొత్త రాజు స్వయంగా సైన్యంతో బయలుదేరి, హే మ్యోంగ్ అనే అధికారిని దాడికి పంపాడు. బేక్ గా బయటికొచ్చి లొంగిపోయాడు. రాజు అతని తల నరికించి శవాన్ని నదిలో వేయించాడు. డోంగ్సోంగ్ హత్యలో సమాకు కూడా చేయి ఉందేమో, అందుకే బేక్ గా నోరు అంత త్వరగా మూయించాడేమో అని అనుమానించే చరిత్రకారులున్నారు. బేక్జే సిన్చాన్ 'జనం కలిసి తొలగించారు' అనడం ఆ అనుమానానికి నూనె పోస్తుంది. హంతకుణ్ని శిక్షించడం ఏ రాజైనా చేసే పనే కాబట్టి, దాన్ని బట్టి ఆయన్ని నేరస్థుణ్ని చేయడం నాకు ఇష్టం లేదు.

ఆయన పాలనలో నన్ను బాగా కదిలించే సంగతి 506 నాటిది. ఆ వసంతంలో అంటురోగం వచ్చింది. మూడో నెల నుంచి అయిదో నెల దాకా చినుకు పడలేదు, వాగులూ కుంటలూ ఎండిపోయాయి. జనం ఆకలికి పడిపోయారు. రాజు ధాన్యపు కొట్లు తెరిపించాడు. ఏడేళ్ల కిందట డోంగ్సోంగ్ తెరవని కొట్లు అవి. సమ్‌గుక్ సాగి ఈ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి పోల్చదు. రెండు చోట్ల రెండు చిన్న వాక్యాలుగా రాసి వదిలేస్తుంది. పోల్చుకోవలసింది చదివేవాళ్లే.

510లో ఇంకో ఆజ్ఞ: చెరువుల, కాలువల గట్లు గట్టి చేయండి, ఊళ్లల్లో పనిలేక తిరిగేవాళ్లను పట్టుకొచ్చి సేద్యంలో పెట్టండి. దానికి ఒక ఏడాది ముందు, గాయా వైపు వలసపోయి మూడు నాలుగు తరాలుగా జనాభా జాబితాల నుంచి తప్పిపోయిన బేక్జే జనాన్ని వెతికి తిరిగి జాబితాల్లో చేర్చారని నిహోన్ షోకిలో ఉంది. రెండు పుస్తకాల నుంచి వచ్చిన ఈ రెండు ముక్కల్ని కలిపితే రాజు ఆలోచన కనిపిస్తుంది. హాన్ నది లోయలోని మంచి పొలాలు పోయాయి. పన్ను కట్టే రైతూ, సైన్యానికి వచ్చే మనిషీ తగ్గిపోయారు. మళ్లీ నిలబడాలంటే దక్షిణాన కొత్త నేల కావాలి, ఆ నేల మీద మనుషులు కావాలి, ఆ నేలకు నీళ్లు కావాలి. గట్టు, జాబితా, ధాన్యపు కొట్టు, ఈ మూడింటి మీదే బేక్జే లేచి నిలబడిందని నేను నమ్ముతాను. యుద్ధాలు ఆ తర్వాతి మాట.

యుద్ధాలు లేకపోలేదు. రాజైన కొత్తలోనే అయిదు వేలమందిని గోగురియో కోట మీదికి పంపాడు. ఉత్తరాన మల్గల్ తెగల దాడుల్ని తిప్పికొట్టాడు. 512లో గోగురియో సైన్యం రెండు కోటలు పట్టుకుని దోచుకుంటూ వస్తే, మూడు వేల గుర్రపు దళంతో తానే ఎదురెళ్లాడు. శత్రువులు ఆ చిన్న దళాన్ని చూసి లెక్కచేయకుండా మొహరింపు కూడా సరిగా చేసుకోలేదు. రాజు వాళ్లను చిత్తుగా ఓడించాడు. అప్పటికి ఆయనకు యాభై ఒకటి.

అదే 512లో దక్షిణాన ఇంకో పెద్ద మార్పు జరిగింది. ద్వీపకల్పం నైరుతి మూలలోని నాలుగు జిల్లాలు బేక్జే చేతికొచ్చాయి. నిహోన్ షోకి ప్రకారం అవి జపాన్ దయతో ఇచ్చినవి. ఆ పుస్తకాన్ని ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు. బేక్జే ఆ నేలను తన బలంతో తనలో కలుపుకుంది, దాన్ని యమాతో కొలువు ఒప్పుకుంది. ఒప్పుకోవడాన్నే ఆ పుస్తకం ఇచ్చేయడంగా రాసింది. జరిగిన సంఘటన నిజమే కావచ్చు, ఏడాదీ సరైనదే కావచ్చు, ఎవరు ఎవరికిచ్చారన్నది మాత్రం రాసినవాళ్ల కోరిక. ఆ మరుసటి ఏడే, 513లో, మురియోంగ్ చైనా పంచశాస్త్రాలు చదివిన పండితుణ్ని జపాన్‌కు పంపాడు. 516లో అతని స్థానంలో ఇంకొకరు వెళ్లారు. సైనిక సాయం, స్నేహం కావాలి, బదులుగా చదువు ఇస్తాం అన్నది ఆ ఒప్పందంలోని అసలు సంగతి.

521లో చైనాలోని లియాంగ్ రాజ్యానికి ఆయన పంపిన రాయబారులు ఒక లేఖ పట్టుకెళ్లారు. గోగురియోను పలుమార్లు ఓడించాం, బేక్జే తిరిగి బలమైన దేశమైంది అని అందులో ఉంది. వాళ్ల వెంట సిల్లా రాయబారులు కూడా వెళ్లారు. లియాంగ్ చక్రవర్తి వూ ఆ ఏడాది చివర ఇచ్చిన బిరుదే 'తూర్పును శాంతపరిచే మహాసేనాని'. పలక మీద మొదట కనిపించేది ఆ బిరుదే.

అదే పలక మీద ఇంకో మాట ఉంది, చాలామంది దాటేసి పోయేది. రాజు మరణాన్ని చెప్పడానికి వాడిన అక్షరం చైనా పద్ధతిలో చక్రవర్తి మరణానికి మాత్రమే వాడతారు. సామంత రాజులకు వేరే అక్షరం ఉంది. బయటివాళ్లిచ్చిన బిరుదును ముందు పెట్టుకుని, తమ ఇంటి సమాధిలో తమ రాజును చక్రవర్తిగా సాగనంపారు. నాలుగు వైపులా పెద్ద దేశాలున్న చిన్న రాజ్యం తనను తాను ఎలా చూసుకుందో ఆ ఒక్క వరుసలో ఉంది.

భూమిని కొన్న రాజు

రెండో పలక కథ ఇంకా విచిత్రం. దాని ఒక వైపు ఉన్నది భూమి కొనుగోలు పత్రం. సమా రాజు పదివేల నాణేలిచ్చి, భూదేవతల దగ్గర, పాతాళపు అధికారుల దగ్గర ఈ నైరుతి దిక్కు నేలను సమాధి కోసం కొన్నాడు, అందుకే ఈ పత్రం రాస్తున్నాం అని ఉంది. పలకల మీద దొరికిన ఇనుప నాణేలు తొంభై చిల్లర. లియాంగ్‌లో చెలామణిలో ఉన్నవి. ఏలిన నేలనే అయినా, అందులో పడుకోవడానికి రాజు వెల కట్టి కొనుక్కున్నాడు.

523 అయిదో నెలలో పోయిన రాజును సమాధిలో ఉంచింది 525 ఎనిమిదో నెలలో. మధ్యలో ఇరవై ఏడు నెలలు దేహాన్ని వేరేచోట ఉంచి సంతాపం పాటించారు. రాణి 526 చివర పోయింది. ఆమెను 529 రెండో నెలలో ఆయన పక్కకు చేర్చారు. అప్పుడు కొత్త పలక తేలేదు. భూమి పత్రం ఉన్న పలకనే తిప్పి, ఖాళీగా ఉన్న వైపు ఆమె మరణలేఖ చెక్కి మళ్లీ పెట్టారు. ఆమె దేహాన్ని అంతకాలం పడమటి దిక్కున ఉంచామని అందులో రాశారు. ఆనాటి కోట నుంచి చూస్తే పడమట చోంగ్జి కొండ ఉంది. 1996లో అక్కడ తవ్వితే ప్రత్యేకమైన కట్టడం ఆనవాళ్లు బయటపడ్డాయి. రాణి దేహం ఉంచింది అక్కడేనని ఇప్పుడు ఎక్కువమంది అభిప్రాయం.

సమాధి కట్టడం లియాంగ్ పద్ధతి: తామరపూల అచ్చు వేసిన ఇటుకలు, పైన కమాను, గోడల్లో దీపాల గూళ్లు. శవపేటికల చెక్క మాత్రం కోయమాకి, జపాన్‌లోనే సహజంగా పెరిగే చెట్టు. చెక్క జాతిని 1991లో గుర్తించినప్పుడు పండితులు ఉలిక్కిపడ్డారు. బయట చైనా ఇటుక, లోపల జపాన్ చెక్క, మధ్యలో బేక్జే బంగారం. రాజు తలపాగాకు గుచ్చిన బంగారు రేకులు మంటల్లా ఉంటాయి. రాణి చేతి వెండి కడియాల మీద వాటిని చేసిన కంసాలి పేరు చెక్కి ఉంది: దారి. 520లో, మహారాణి కోసం చేసినట్టు రాసుకున్నాడు. ఒక కంసాలి పేరు రాజు పేరుతో పాటు ఒకే గదిలో పదిహేను వందల ఏళ్లు నిలిచింది.

ఇన్నాళ్లు ఈ సమాధి దొంగల కంట పడకపోవడానికి ఒక పొరపాటు కారణం. 1933లో దీని ముందున్న ఆరో నంబరు సమాధిని తవ్వినప్పుడు, వెనకున్న ఈ మట్టి దిబ్బను ఆ సమాధికి వెన్నుదన్నుగా పేర్చిన గుట్ట అనుకున్నారు. ముట్టుకోలేదు. చివరికి 1971 జులై 5న, ఆ ఆరో సమాధిలోకి నీరు దిగకుండా కాలువ తవ్వుతుంటే కూలీ పార ఇటుకకు తగిలింది.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. వాన కురుస్తోంది. వార్త పొక్కి విలేకరులు, ఊరి జనం కొండ మీదికి ఎక్కారు. ఫోటోల కోసం లోపలికి చొరబడినవాళ్ల కాలి కింద ఒక కంచు చెంచా విరిగింది. జనాన్ని ఆపలేక, ఆ రాత్రికి రాత్రే అంతా తీసేయాలని నిర్ణయించారు. నెలలు, ఏళ్లు పట్టాల్సిన పని 9వ తేదీ ఉదయానికి అయిపోయింది. పెద్ద వస్తువుల్ని చేతులతో ఎత్తారు, మిగిలిందాన్ని పారలతో ఎత్తి సంచుల్లో పోశారు. ఆ తవ్వకానికి నాయకత్వం వహించిన కిమ్ వొన్యోంగ్ తన తప్పును దాచుకోలేదు. తర్వాతి జీవితమంతా దాని గురించి బహిరంగంగా పశ్చాత్తాపపడ్డాడు. ఆ నిజాయితీ వల్లే తర్వాతి తరం కొరియా పురావస్తు శాస్త్రవేత్తలు నెమ్మదిగా తవ్వడం నేర్చుకున్నారు.

2001 డిసెంబరులో జపాన్ చక్రవర్తి అకిహితో తన పుట్టినరోజు సందర్భంగా మాట్లాడుతూ, 8వ శతాబ్దం చివర రాజ్యమేలిన కన్ము చక్రవర్తి తల్లి మురియోంగ్ సంతతి అని జపాన్ పాత చరిత్రలో రాసి ఉంది కాబట్టి తనకు కొరియాతో ఒక బంధం ఉన్నట్టు అనిపిస్తుందన్నాడు. కొరియా పత్రికలు మొదటి పేజీల్లో వేసుకున్నాయి. ఆ మాటలోని మూలం కూడా జపాన్ గ్రంథమే.

మురియోంగ్ కొడుకు సోంగ్ 538లో రాజధానిని ఉంగ్జిన్ నుంచి సబికి మార్చాడు. జపాన్‌కు బౌద్ధాన్ని పంపింది ఆయనే. 660లో బేక్జే కూలిపోయింది. ఉంగ్జిన్ రోజుల నాటి ఈ సమాధుల కొండ 2015లో ప్రపంచ వారసత్వ ప్రదేశాల్లో చేరింది. మురియోంగ్ సమాధిలోకి సందర్శకుల్ని 1997 నుంచి పంపడం లేదు. పక్కనే నమూనా కట్టి చూపిస్తున్నారు.

ఆ సంచుల్లో పోసిన మట్టిలోంచి తర్వాత వేరిన వాటిలో వేలకొద్దీ చిన్న గాజుపూసలున్నాయి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, కొన్ని ఆవగింజకన్నా కాస్త పెద్దవి. వాటిలో చాలా పూసలు, కరిగిన గాజును పొడవైన సన్నని గొట్టంలా లాగి, చిన్న ముక్కలుగా నరికి చేసినవి. ఈ పనితనం దక్షిణ భారతంలో పుట్టి, పుదుచ్చేరి దగ్గరి అరికమేడు నుంచి ఆగ్నేయాసియా రేవుల దాకా పాకింది. కొరియాతో మన సంబంధం అనగానే చాలామంది గాయా రాజు సురోను పెళ్లాడిన అయుతా రాకుమారి కథ ఎత్తుకుంటారు. అది పెళ్లి జరిగిందని చెప్పే కాలానికి పన్నెండు వందల ఏళ్ల తర్వాత పుస్తకానికెక్కిన కథ. ఈ పూసలు మాత్రం అరచేతిలో పోసుకుని చూడగలిగినవి. మురియోంగ్ సమాధిలోనివి ఏ కొలిమి నుంచి బయలుదేరినా, ఆ లాగుడు పద్ధతి మన తిరుపతి దగ్గరి పాపానాయుడుపేట కొలిముల్లో మన కాలం దాకా బతికింది. ఇనుప కడ్డీతో గాజు ముద్దను లాగే ఆ పనివాళ్లను చూసే పరిశోధకులు పాత పూసల తయారీని అర్థం చేసుకున్నారు.

ఆ పూసల్లో ఏవి రాజు మెడలోవి, ఏవి రాణి జడలోవి, ఏవి బట్టకు కుట్టినవి అన్నది అవి నేల మీద పడి ఉన్న తీరులో రాసి ఉండేది. 1971 జులై 9 తెల్లవారుజామున పారలు ఆ రాతను చెరిపేశాయి.